తిరుగుతున్నది ఏ ప్లేటు?

జాజ్ రికార్డులు సేకరించేవాళ్లు ఒకరికొకరు పంపుకునే ఫోటోలు దాదాపు ఒకేలా ఉంటాయి. టర్న్‌టేబుల్ మీద నల్లటి ప్లేటు తిరుగుతుంటుంది, పక్కన గోడకు ఆనించి దాని అట్ట. ఆ అట్ట ట్రంపెట్ వాద్యకారుడు లీ మోర్గాన్ 'ది సైడ్‌వైండర్' అనుకుందాం. కింద ఒక్క వరుస రాసి ఉంటుంది: బ్లూ నోట్ 4157, మోనో, న్యూయార్క్ లేబుల్, వాన్ గెల్డర్ ముద్ర, చెవి ఉంది. ట్రంపెట్ ఎలా మోగిందో చెప్పరు, పాట బాగుందో లేదో చెప్పరు. కొత్తవాళ్లకు అది సరుకుల చీటీలా కనిపిస్తుంది. తెలిసినవాళ్లు మాత్రం ముందు ఆ చివరి రెండు మాటల దగ్గరే ఆగుతారు. చెవి ఉంది!

ఆ చెవి సంగతి ముందు తేల్చుకుంటే మిగతాదంతా సులువు. రికార్డులో ఆఖరి పాట అయిపోయాక లేబుల్ దాకా కొంత ఖాళీ వలయం మిగులుతుంది. ప్లేటును దీపం కింద కాస్త వాల్చి పట్టుకుంటే అక్కడ సన్నటి గుర్తులు కనిపిస్తాయి. కొన్ని చేత్తో గీకినవి, కొన్ని ముద్ర కొట్టినవి. బ్లూ నోట్ కంపెనీ 1966 దాకా తన ప్లేట్లను న్యూజెర్సీలోని ప్లాస్టిలైట్ అనే ఫ్యాక్టరీలో ఒత్తించేది. ఆ ఫ్యాక్టరీ తన గుర్తుగా ఇంగ్లిష్ 'పి' అక్షరాన్ని గొలుసుకట్టులో వేసేది. వాటంగా తిప్పి చూస్తే అది అచ్చం మనిషి చెవిలా ఉంటుంది. అందుకే ఆ పేరు.

ఈ గుర్తుకు ఇంత విలువ ఎందుకొచ్చిందంటే, లేబుల్ ఒక్కదాన్నే నమ్మడానికి లేదు. బ్లూ నోట్‌ను లిబర్టీ అనే పెద్ద కంపెనీ కొన్నాక ప్లేట్లు ఒత్తే పని వేరే ఫ్యాక్టరీలకు పోయింది. కానీ పాత లేబుళ్లు కట్టలు కట్టలు మిగిలే ఉన్నాయి. వాటిని పారేయడం ఎందుకని కొత్త ప్లేట్లకే అంటించారు. దాంతో లేబుల్ చూస్తే పాతది, ప్లేటు చూస్తే కొత్తది. రెండింటినీ విడదీసి చెప్పగలిగింది ఆ చెవి ఒక్కటే. లేబుల్ మీద చిరునామా కూడా ఇలాగే తేదీ చెబుతుంది. 767 లెక్సింగ్టన్ అవెన్యూ అని ఉంటే కంపెనీ పాత ఆఫీసు కాలం నాటిది. 47 వెస్ట్ 63వ వీధి అని ఉంటే 1957లో ఆఫీసు మారాక వచ్చింది. ఒట్టి 'న్యూయార్క్ యూఎస్ఏ' అని ఉంటే ఆ తర్వాతి 1960ల నాటిది. దస్తావేజు చూసి భూమి చరిత్ర చెప్పే పాత కరణాలు ఈ పనిలో బాగా రాణించేవాళ్లు.

ఇక వాన్ గెల్డర్ ముద్ర. రూడీ వాన్ గెల్డర్ కళ్లు పరీక్షించి అద్దాలు రాసిచ్చే ఆప్టోమెట్రిస్ట్. న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి ముందుగదిలో రికార్డింగులు మొదలుపెట్టాడు. 1959లో పక్కనే ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో ఎత్తైన కప్పు ఉన్న సొంత స్టూడియో కట్టుకున్నాక ఆ ఉద్యోగం వదిలేశాడు. రికార్డింగ్ చేయడంతో ఊరుకోకుండా, ఆ టేపు నుంచి మొదటి లక్క పళ్లెం మీద గాడి కోసే పని కూడా తనే చూసుకునేవాడు. మైకు పెట్టిన చెయ్యే గాడి కూడా కోసిందని చెప్పే సంతకం ఆ ముద్ర. మొదట్లో 'ఆర్‌వీజీ' అని గీకేవాడు, తర్వాత 'వాన్ గెల్డర్' అనే ముద్ర వచ్చింది. ఈ సేకరణదారుల లెక్క అంతా ఒక్కచోటికే వస్తుంది. వాయించిన రోజుకూ ఇప్పుడు తిరుగుతున్న ప్లేటుకూ మధ్య ఎన్ని చేతులు మారాయి? 'సైడ్‌వైండర్' రికార్డు చేసింది 1963 డిసెంబర్ 21న. చెవి, ముద్ర రెండూ ఉంటే చేతులు తక్కువే మారినట్టు.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. అదే వరుసలో 'మోనో', అంటే ధ్వని అంతా ఒకే ట్రాకులో, అని గర్వంగా రాస్తారు కదా, 4157 నాటికి వాన్ గెల్డర్ రెండు ట్రాకుల స్టీరియో టేపు ఒక్కటే తీస్తున్నాడు. మోనో ప్లేటు ఆ రెండింటినీ కలిపి కోసిందే. మోనోకు విడిగా టేపు తీసిన రోజులు 1950ల చివరికే అయిపోయాయి. అయినా మోనోలో ట్రంపెట్ ఛాతీ మీద గుద్దినట్టు ఉంటుందనే వాళ్లున్నారు. ఉండొచ్చు కూడా. అభిరుచిని చరిత్రతో కొట్టిపారేయలేం.

ఈ గుర్తులన్నీ రాసుకునే అలవాటు డబ్బున్నవాళ్ల కాలక్షేపంగా మొదలైందనుకుంటే పొరపాటు. అది గత్యంతరం లేక పుట్టిన అలవాటు. పోల్చి చూడడానికి మన దేశంలో జరిగిందొకటి ఉంది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోన్ కోసం పాడినప్పుడు పాట చివర తన పేరు తనే ఇంగ్లిష్‌లో ప్రకటించింది. జర్మనీలో ప్లేట్లు తయారుచేసే పనివాళ్లు లేబుల్ మీద ఎవరి పేరు వేయాలో తడబడకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. ఆమె పేరు పాటలోనే ఉంది కాబట్టి లేబుల్ చిరిగినా పోదు. అమెరికా జాజ్ ప్లేట్లకు ఆ భాగ్యం లేదు. ఒరిజినల్ డిక్సీలాండ్ జాజ్ బ్యాండ్ 1917లో మొదటి జాజ్ రికార్డు చేసిన దగ్గర్నుంచి చాలాకాలం లేబుల్ మీద బ్యాండ్ పేరు మాత్రమే ఉండేది. ట్రంపెట్ ఎవరిదో, క్లారినెట్ ఎవరిదో కొన్నవాడికి తెలిసే దారి లేదు.

పైగా ఆ బ్యాండ్ పేరు కూడా నిజమైనదే అయి ఉండాలని లేదు. డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం ఒక కంపెనీకి 'జంగిల్ బ్యాండ్', ఇంకోచోట 'వూపీ మేకర్స్'. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది 'ఓకే' అనే రికార్డు కంపెనీతో ఒప్పందం. అయినా 1926లో తన బృందంతో కలిసి ఇంకో కంపెనీకి 'లిల్స్ హాట్ షాట్స్' అనే పేరుతో వాయించాడు. ఓకే పెద్దలు ఆ ప్లేటు వినిపించి ఇదెవరని అడిగితే, ఎవరో తెలియదు గానీ మళ్లీ అలా చేయనని జవాబిచ్చాడని ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, చెవిని ఏ పేరూ మోసం చేయలేదన్న సంగతి ఆ కథలో ఉంది. విన్నవాళ్లు ఊదిన తీరు పట్టి మనిషిని గుర్తుపట్టారు, గుర్తుపట్టింది రాసుకున్నారు, రాసుకున్నది ఇంకొకరికి చూపించి సరిచూసుకున్నారు.

దానికి నలుగురు కూడాలి. పారిస్‌లో 1932లో హాట్ క్లబ్ ద ఫ్రాన్స్ మొదలైంది. లండన్‌లో ఆ మరుసటి ఏడు మొదటి రిథమ్ క్లబ్ వచ్చింది, తర్వాత బ్రిటన్‌లో ఊరూరా వెలిశాయి. అక్కడ బ్యాండు ఉండాల్సిన అవసరం లేదు. అద్దె గదిలో ఒక గ్రామఫోన్ పెట్టి, ఒక సభ్యుడు తన ప్లేట్లు తెచ్చి ఒక్కోటి వేస్తూ ఎవరు ఎక్కడ ఏం వాయించారో చెబుతాడు, మిగతావాళ్లు విని ఒప్పుకోవడమో వాదించడమో చేస్తారు. పారిస్ క్లబ్బుకు చెందిన షార్ల్ దలోనే అనే ఆయన ఇలాంటి సమాచారం పోగుచేసి, అమెరికా నుంచి వచ్చిన వాద్యకారులను అడిగి తేల్చుకుని, 1936లో 'హాట్ డిస్కోగ్రఫీ' అచ్చువేశాడు. ఏ రికార్డులో ఎవరు, ఏ నంబరు అన్నదే ఆ పుస్తకమంతా. ప్లేటు మీద చెక్కిన మాట్రిక్స్ నంబరు, అంటే ఆ రికార్డింగుకు ఇచ్చిన గుర్తు నంబరు, ఇందుకే పనికొచ్చింది. ఒకే పాటను ఒకే రోజు రెండుసార్లు వాయిస్తే నంబరు పక్కన టేక్, అంటే ఎన్నోసారి వాయించిందన్న గుర్తు, మారుతుంది, ఒక్కరే వాయించే సోలో కూడా మారుతుంది. కేటలాగ్ నంబరు ఒకటే అయినా ఇద్దరి దగ్గర ఉన్న ప్లేట్లలో వేర్వేరు సోలోలు ఉండొచ్చు. ఇద్దరూ కలిసి పక్కపక్కన పెట్టి వింటే తప్ప ఆ సంగతి బయటపడదు.

న్యూయార్క్ 42వ వీధిలో కమడోర్ మ్యూజిక్ షాప్ నడిపిన మిల్ట్ గేబ్లర్ ఇంకో అడుగు వేశాడు. పాత ప్లేట్లు మళ్లీ ఒత్తించి అమ్ముతూ, వాయించిన వాళ్లందరి పేర్లు లేబుల్ మీదే వేయించాడు. 1930ల నడుమ ఇది కొత్త సంగతి. అభిమానులు చేత్తో రాసుకుంటున్నది అచ్చులోకి వచ్చేసింది. 1948లో ఎక్కువసేపు మోగే ఎల్పీ ప్లేటు వచ్చాక అట్ట వెనక పన్నెండు అంగుళాల చదరపు చోటు దొరికింది. పేర్లు, తేదీ, స్టూడియో, ఒక విమర్శకుడి వ్యాసం అన్నీ అక్కడికి చేరాయి. ఇప్పుడు ఫోటో కింద రాసే ఆ ఒక్క వరుస ఈ వంశంలోదే.

అయితే అట్టను నిలబెట్టి చూపించే అలవాటుకు మాత్రం పుట్టిల్లు జపాన్ అనే చెప్పాలి. అక్కడ జాజ్ కిస్సా అనే కాఫీ హోటళ్లు ఉంటాయి. కాఫీ ఒక సాకు, అసలు సరుకు రికార్డులు. యుద్ధం తర్వాత అమెరికా ఎల్పీ మామూలు జపాన్ కుర్రాడు కొనగలిగే ధరలో లేదు, ఇంట్లో పెద్ద స్పీకర్లకు చోటూ లేదు. ఒక కప్పు కాఫీ డబ్బులకు గంటలకొద్దీ వినే వీలు ఇచ్చింది కిస్సా. ఏది కావాలో చెబితే యజమాని అలమర నుంచి తీసి ముల్లు పెడతాడు. పెట్టగానే ఆ అట్టను అందరికీ కనిపించేలా స్టాండ్ మీద నిలబెడతాడు. చాలా కిస్సాల్లో మాట్లాడుకోవడం నిషేధం, అందుకే ఇదేమిటని పక్కవాణ్ణి అడిగే పని లేకుండా అట్టే జవాబు చెబుతుంది. ఒకరు కోరిన రికార్డుకు ఒక పక్కే వేస్తారు. ఇరవై నిమిషాలు చిల్లర. ముల్లు లేస్తుంది, అట్ట మారుతుంది, ఇంకొకరి వంతు.

యోకొహామాలో 'చిగుసా' అనే కిస్సాను యోషిదా మమోరు 1933లో తెరిచాడు. యుద్ధకాలంలో జాజ్‌ను శత్రుదేశపు సంగీతమని నిషేధించారు. 1945లో ఆ ఊరి మీద పడిన బాంబులకు షాపూ ప్లేట్లూ కాలిపోయాయి. యుద్ధం అయ్యాక యోషిదా మళ్లీ మొదలుపెట్టాడు. తొషికో అకియోషి, సదావొ వతనబె లాంటి కుర్ర వాద్యకారులు అక్కడ కూర్చుని అదే ప్లేటు పదే పదే విని సోలోలు రాసుకుని నేర్చుకున్నారు. అకియోషి 1956లో బోస్టన్ వెళ్లి బర్క్లీ సంగీత పాఠశాలలో చదివి, తర్వాత అమెరికాలో సొంత బిగ్ బ్యాండ్ నడిపింది. చిగుసాలో ఒకే ప్లేటును నలుగురు కలిసి వినడం నుంచి ఒక దేశపు జాజ్ తయారైందంటే అందులో అతిశయోక్తి పెద్దగా లేదు.

కిస్సాలో ఒక పక్కే వేసే పద్ధతికి వంతుల గొడవ ఒక్కటే కారణం అనిపించదు. డెబ్బై ఎనిమిది ప్లేటుకు మూడు నిమిషాలే చోటు. మన నాటక పద్యాల ప్లేట్లు విన్నవాళ్లకు ఆ హడావుడి తెలుసు, రాగం తీయబోయేలోపే ముల్లు లేబుల్ దగ్గరికి వచ్చేస్తుంది. ఎల్పీ వచ్చాక పక్కకు ఇరవై నిమిషాలు దాటింది. 'సైడ్‌వైండర్' పాట ఒక్కటే పది నిమిషాల పైన నడుస్తుంది. జాజ్ వాద్యకారులు ఆ ఇరవై నిమిషాలను ఒక కచేరీ ముక్కలా వాడుకున్నారు. అందుకే ఎల్పీలు వినేవాళ్లు ఆల్బమ్ పేరు చెప్పి ఆగరు. ఫలానా దాని రెండో పక్క వింటున్నామంటారు. పాటలకు ఇష్టమొచ్చిన వరుస పెట్టుకునే కాలంలో ఇది చాదస్తంగా అనిపించొచ్చు. కానీ లేచి వెళ్లి ప్లేటు తిప్పాల్సిన మనిషి ఆ పక్కను ఊరికే వదిలేయడు, వింటాడు.

ఇలా పక్కలు పక్కలుగా విన్నవాళ్లకు దొరికిన వింతల్లో అన్నిటికంటే పెద్దది ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' మొదటి పక్క. 1959 మార్చి 2న కొలంబియా రికార్డు కంపెనీ వారి 30వ వీధి స్టూడియోలో రికార్డు చేస్తుండగా టేపు మిషను కొంచెం నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును మామూలు వేగంతో వేసి ప్లేటు కోసేసరికి మొదటి పక్కలోని మూడు పాటలూ అసలు శ్రుతి కంటే కాస్త హెచ్చుగా వచ్చాయి. ఏప్రిల్ 22న తీసిన రెండో పక్కకు ఆ దోషం లేదు. ప్లేటు పెట్టి దానితో పాటు ట్రంపెట్ వాయించబోయిన వాడికి శ్రుతి కలవదు, తప్పు తనదే అనుకుంటాడు. 1992లో గానీ ఆ వేగాన్ని సరిచేసి విడుదల చేయలేదు. దాంతో ఇప్పుడొక చిక్కు వచ్చిపడింది. ముప్ఫై ఏళ్లకు పైగా ప్రపంచమంతా విని ప్రేమించింది తప్పు శ్రుతినే. పాత ప్రెస్సింగ్, అంటే అప్పట్లో ఒత్తిన ప్లేటు, వింటున్నాడా, సరిచేసింది వింటున్నాడా అని అడగడం చాదస్తం ఎలా అవుతుంది? రెండూ వేర్వేరుగా మోగుతాయి మరి.

ప్లేటు మీది చెవి సరే, వినే చెవి ఎంత నమ్మకమైనదన్న ప్రశ్న కూడా అడగాల్సిందే. 2022లో దానికి గట్టి పరీక్ష ఎదురైంది. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికన్ కంపెనీ మాస్టర్ టేపుల నుంచి రికార్డులు పునర్ముద్రించి ఖరీదుగా అమ్మేది. టేపు నుంచి గాడి దాకా మధ్యలో డిజిటల్ అన్నదే లేదని కొనేవాళ్లు గట్టిగా నమ్మారు. ఆ ఏడు జూలైలో అసలు సంగతి బయటికొచ్చింది. 2011 నుంచే చాలా రికార్డులకు టేపును ముందు డిజిటల్‌లోకి ఎక్కించి, అక్కడి నుంచి కోస్తున్నారు. వ్యవహారం కోర్టుదాకా వెళ్లింది. డిజిటల్ వాసన చెవితో పసిగట్టగలమని చెప్పుకునే వాళ్లలో ఎందరో పదేళ్లపాటు ఆ ప్లేట్లనే మెచ్చుకుంటూ వచ్చారని తేలింది. నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, వాళ్ల కోపాన్ని తీసిపారేయలేం. శబ్దం బాగాలేదని వాళ్లు అనలేదు. చేతులు ఎన్ని మారాయో అబద్ధం చెప్పారన్నదే వాళ్ల బాధ. చెవి గుర్తు ఉందా లేదా అని దీపం కింద వెతికేవాడు వెతికేదీ ఆ నిజం కోసమే.

ఈ ఫోటోల వల్ల నిజంగా కలిగే లాభం మాత్రం ముద్రల్లో కంటే అట్ట వెనకున్న పేర్లలో ఉంది. 'సైడ్‌వైండర్' అట్ట తిప్పితే టెనార్ శాక్సోఫోన్ జో హెండర్సన్ అని ఉంటుంది. ఎవరీయన అని వెతికితే అదే 1963లో ఆయన సొంత పేరుతో వచ్చిన 'పేజ్ వన్' దొరుకుతుంది. అందులో ట్రంపెట్ కెన్నీ డోరమ్. డోరమ్ పేరు పట్టుకుపోతే అదే ఏడాది ఏప్రిల్‌లో తీసిన 'ఉనా మాస్', అందులో పియానో హెర్బీ హాన్‌కాక్, డ్రమ్స్ టోనీ విలియమ్స్. విలియమ్స్‌కు అప్పటికి పదిహేడేళ్లు. మరుసటి నెలలోనే ఈ ఇద్దరూ మైల్స్ డేవిస్ బృందంలో ఉన్నారు. నాలుగు అట్టలు తిప్పితే ఒక ఏడాది న్యూయార్క్ కళ్లకు కడుతుంది. ఫోన్‌లో పాట వింటే తెర మీద కనిపించేది నాయకుడి పేరు. బేస్ ఎవరిది, డ్రమ్స్ ఎవరివి అన్నది ఎక్కడో లోపల దాక్కుంటుంది, చాలాసార్లు ఉండనే ఉండదు. 1926 నాటి లేబుల్ దగ్గరికే మళ్లీ వచ్చాం. అందుకని అట్ట వెనక వైపు ఫోటో తీసి పంపేవాళ్లు ముందు వైపు పంపేవాళ్ల కంటే ఎక్కువ మేలు చేస్తున్నారు.

ఈ పనిలో తెలుగువాళ్లకూ ఒక పెద్ద తలకాయ ఉంది, జాజ్‌లో కాకపోయినా. వి.ఎ.కె. రంగారావు వేలకొద్దీ డెబ్బై ఎనిమిది ప్లేట్లు పోగుచేసి, ఎవరు పాడారు, ఎవరు కట్టారు అన్నవి పత్రికల్లో రాస్తూ వచ్చారు. పాత సినిమా పాట లేబుల్ మీద పాత్ర పేరే తప్ప గాయని పేరు లేని రోజులను ఎరిగినవాళ్లకు షార్ల్ దలోనే పడ్డ పాట్లు వేరే చెప్పనక్కర్లేదు.

రేటు సంగతికి వస్తే సరదా కాస్త తగ్గుతుంది. ఎవరైనా ఫోటో పెట్టగానే దాని వెల ఎంతన్న లెక్క మొదలవుతుంది. హాంక్ మోబ్లీ పేరున్న బ్లూ నోట్ 1568 మొదటి ప్రెస్సింగ్ వేలంలో పది వేల డాలర్లు దాటింది. దానికి కారణం సంగీతం ఒక్కటే అనుకోలేం, లేబుల్ మీద చిరునామా ఒక పక్క ఒకలా, రెండో పక్క ఇంకోలా రాసి ఉండడం కూడా. ఇలాంటి వాటిని చూపించడంలో ప్లేటు కంటే బీరువా ఎక్కువ కనిపిస్తుంది. పైగా అందరూ అవే యాభై ఆల్బమ్‌లు చూపిస్తుంటే, జాజ్ అంటే పదేళ్లపాటు ఒక కంపెనీ చేసిందే అన్న భ్రమ కలుగుతుంది. చికాగో, లాస్ ఏంజెలస్, యూరప్ అన్నీ వెనక్కి పోతాయి.

ఆ ఖరీదైన వరుసలోనే బ్లూ నోట్ 1530 ఉంటుంది. జర్మనీ నుంచి వచ్చిన పియానిస్ట్ యూటా హిప్ శాక్సోఫోన్ వాద్యకారుడు జూట్ సిమ్స్‌తో 1956లో చేసింది. మంచి స్థితిలో ఉన్న మొదటి ప్రెస్సింగ్‌కు వేల డాలర్లు పలుకుతాయి. పాత ప్లేటు చేతులు మారినప్పుడు వాయించిన మనిషికి పైసా రాదు. హిప్ ఆ రికార్డు తర్వాత కొద్ది కాలానికే పియానో వదిలేసి న్యూయార్క్‌లో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. దశాబ్దాలపాటు అక్కడే పనిచేసి, 2003లో క్వీన్స్‌లో చనిపోయింది. ఆ ప్లేటు ఫోటో ఎవరు పంపినా, కింద రాసే వరుసలో లెక్సింగ్టన్ అవెన్యూ చిరునామా తప్పకుండా ఉంటుంది.